మనవలు లేని మనిషికి టికెట్

మొన్న ఖమ్మంలో బోనకల్ బస్సు ఎక్కాను. నాకింకా యాభై నిండలేదు గానీ నా జుట్టు నాకంటే పదేళ్లు ముందు నడుస్తోంది. కండక్టరు నన్ను చూసి, "పెద్దాయనా, జర లోపలికి జరుగు" అన్నాడు. జరిగాను. ఒకప్పుడు ఈ మాట నేను వేలమందికి చెప్పినవాణ్ని. ఇన్నాళ్లకు నాకే తిరిగి వచ్చింది, ఇవ్వాల్సిన చిల్లర లాగా.

నా వెనక సీట్లో మిర్చి యార్డు నుంచి వస్తున్న ఇద్దరు రైతులు వాదించుకుంటున్నారు.

"ముసలోళ్లందరికీ బస్సు ఊరికెనే పెట్టాలంటున్నరు. గట్లయితే ఏం పోసి నడుపుతరు? నీళ్లు పోసా?"

"నీకేం పోయింది? రేపు నువ్వు ముసలోనివి కావా?"

"అయిన్నాడు చూద్దాం. అసలు ముసలోడంటే ఎవడో ముందు చెప్పు. మా బామ్మర్ది కాయితాల మీద నాకన్న పెద్దోడు. కాలువల పడితే నాకన్న జల్దీ ఈదుతడు."

"ఇగో, ఈ సారును అడుగుదాం. మీరేమంటరు సార్?"

నేను నవ్వాను. అప్పుడు చూసుకున్నాను, నా వేళ్లు టికెట్‌ను సన్నగా చుట్ట చుడుతున్నాయి. ఆ అలవాటు నాది కాదు. ఒక ముసలామెది. ముసలామె అన్నానని తెలిస్తే ఊరుకునేది కాదు.

ఆమె పేరు నాకు తెలియదు. అడిగితే, "పేరు చెప్తే టికెట్ తక్కువైతదా?" అనేది.

డిగ్రీ పరీక్ష రెండుసార్లు తప్పాక మా చిన్నాన్న నన్ను తన బస్సుకు కండక్టరుగా పెట్టాడు. మావాళ్లు కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర పొలాలు కొనుక్కున్నవాళ్లు. చిన్నాన్న పొలంతో ఊరుకోక బస్సు కొన్నాడు. అప్పటికి భద్రాచలం అడవి దారుల్లోకి సర్కారు బస్సులు సరిగా వచ్చేవి కావు. పొద్దున చర్లలో బయల్దేరి లోపలి ఊళ్ల మీదుగా పోతే ఎండెక్కేసరికి భద్రాచలం, సాయంత్రం మళ్లీ చర్ల. దాన్ని బస్సు అనడం చిన్నాన్న మీద గౌరవం కొద్దీ. ఎండాకాలం ఇంజను, వానాకాలం పైకప్పు, ఏదో ఒకటి కారుతూనే ఉండేది.

ఆ బస్సుకు ఒక ఒప్పందం ఉంది. మొదట అక్కడ బండి బాట తప్ప దారి లేదు. చిన్నాన్న అడిగితే అడవి ఊళ్ల పెద్దలు కూర్చుని ఇంటికో మనిషిని పంపారు. మోడులు పెకలించి, రాళ్లెత్తి, వాగుల్లో దుంగలు పరిచి బస్సు పట్టేంత దారి చేశారు. కూలికి బదులు ఒక మాట అడిగారు: మా ముసలోళ్లు టికెట్ లేకుండా తిరగాలె. చిన్నాన్న సరేనన్నాడు. అందరూ కలిసి కల్లు తాగారు. మాట ఖాయమైంది.

అక్కడే పొరపాటు జరిగింది. ముసలివాళ్లంటే చిన్నాన్న మనసులో అరవై దాటినవాళ్లు. ఆ ఊళ్లలో ఎవరు ఎప్పుడు పుట్టారో ఎవరూ రాసిపెట్టుకోలేదు. అక్కడి లెక్కలో మనవడో మనవరాలో పుడితే మనిషి ముసలి, పుట్టకపోతే కాదు. ఈ సంగతి వాళ్లు చెప్పలేదు, ఈయన అడగలేదు. ఫలితంగా నల్లటి కొప్పులో పూలు పెట్టుకున్న ముసలమ్మలు, చెట్టెక్కి కల్లు దించే ముసలయ్యలు మా బస్సు నిండా ఊరికే తిరిగేవాళ్లు. రుజువుగా మనవణ్ని చంకనేసుకుని వచ్చేవాళ్లు. టికెట్ అనగానే పిల్లవాణ్ని పైకెత్తి చూపించేవాళ్లు. జీవితంలో ఏ పరీక్షా పాసవనివాణ్ని, రోజంతా పాసులు చూసే పని నాకే పడింది. ఆ పాసులు ఏడ్చేవి, ఒక్కోసారి నా చొక్కా తడిపేవి.

"వీడు నీ మనవడేనా?" అని గట్టిగా అడిగితే, "మా అక్క బిడ్డ కొడుకు, నాకేమైతడు మరి?" అనేవాళ్లు. నేను డ్రైవరు వైపు చూసేవాణ్ని. ఆయన ఆ దారిలోని ఊరివాడే.

"అక్క మనవడు మనవడే తమ్మీ. బావ మనవడూ మనవడే. అంతెందుకు, తల్లిపాలు మాన్పంగ మొదటి బువ్వ ఎవరు పెడితే వాళ్లు ఆ పిల్లకు అవ్వ. మా దిక్కు అంతే" అనేవాడు. ఇన్ని దారులుండగా ముసలివాళ్లు కాకుండా మిగలడమే కష్టం. మిగిలినవాళ్లలో నేనొకణ్ని, ఆమె ఒకతె.

ఆమె నిజంగా ముసలిది. వెన్ను వంగి, బస్సు మెట్టు ముందు నిలబడితే మెట్టే ఆమె మొహంలోకి చూస్తున్నట్టుండేది. అయినా చెయ్యి అందిస్తే కొట్టేది. ముందు సొరబుర్రను పైన పెట్టి, ఆ వెనక తను ఎక్కేది. ఆ ఎండు సొరకాయ బుర్రలో జావ. ఆమె మొగుడు క్షయతో భద్రాచలం పెద్ద దవాఖానాలో నెలల తరబడి పడి ఉన్నాడు. వాళ్లిచ్చే రొట్టె ముట్టడు. ఈమె కాచిన జావ తాగుతాడు. అందుకని రోజు విడిచి రోజు తీసుకెళ్లేది. పులిసిన జావ రెండోనాడు ఇంకా బాగుంటుందని అంటాడట. ఆమె చెప్పింది. నిజంగా ఆయనే అన్నాడో, రాలేని రోజుకు ఈమె చెప్పుకున్న సమాధానమో నాకు తెలియదు.

బుర్రను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకునేది. బస్సు ఎగిరినప్పుడు మేమంతా బస్సుతో పాటు ఎగిరేవాళ్లం. ఆ బుర్ర మాత్రం గాలిలో ఒకేచోట నిలిచినట్టుండేది. ఎవరైనా దగ్గరికి జరిగితే, "కాలు అటు" అనేది. కూర్చోగానే, "టికెట్ కొట్టు పిలగా" అని తొందర పెట్టేది. టికెట్ ఇచ్చేదాకా ఆమె కళ్లు నా చేతి మీదే. ఇవ్వగానే సన్నగా చుట్ట చుట్టి కుడి చెవి తమ్మెకున్న పెద్ద తూటులో దోపుకునేది. ఎడమ చెవికి వెండి కమ్మ ఉండేది. ఒక చెవికి వెండి, ఒక చెవికి కాగితం. దిగేదాకా మధ్యమధ్య చెవి తడుముకుని చూసుకునేది.

"అవ్వా, నీకు టికెట్ ఎందుకే?" అని ఒకసారి పక్కనున్న ఆడమనిషి అంది.

"ఎవనికి అవ్వను? పుట్టిన ముగ్గురూ మన్నుల పోయిరి. అవ్వ ఎట్లయిత? నేనింక ముసలిదాన్ని కాలే."

"ఇగో, వీణ్ని ఎత్తుకో. ఇయ్యాల్టికి నీ మనవడే."

"అడుక్కొచ్చిన పిలగాన్ని ఎత్తుకొని బస్సెక్కుడేంది? ముక్కు తుడువు ముందు వానికి."

బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. చెవి తడుముకుంది.

ఎండాకాలం మొదలయ్యేసరికి నాకు భయం పట్టుకుంది. ముందు ఆమె ఎడమ చెవి కమ్మ పోయింది. తర్వాత ఒకనాడు నల్ల కోడిని చంకలో పెట్టుకుని ఎక్కింది. సాయంత్రం ఆ కోడి లేదు. నేను భయస్తుణ్ని. ఇంకేం మిగిలాయి ఈమెకు, ఇంకెన్నాళ్లు ఎక్కుతుంది, ఎక్కకపోతే ఆ బుర్ర ఎట్లా చేరుతుంది అని మెలికలు తిరిగేవాణ్ని. ఒకనాడు టికెట్ ఇచ్చి, "డబ్బులొద్దులే, ఉండనీ" అన్నాను. నా వైపు దొంగను చూసినట్టు చూసింది. "దిగమంటవా?" అంది. నేను గబగబా తీసేసుకున్నాను.

ఇంకో వైపు చిన్నాన్న. "బస్సు నిండా జనం, సంచి నిండా గాలి. ఏంట్రా సంగతి?" అని సత్తుపల్లి నుంచి కబురు మీద కబురు. చివరికి ఒకనాడు తనే వచ్చి చర్లలో బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. నా గుండె గేరు మారింది.

మొదటి మలుపు దాటకముందే ఒకామె నెలల పిల్లను ఎత్తి చూపించింది. చిన్నాన్న ఆమెను తేరిపార చూశాడు.

"ఈమె ముసలిదా?"

"అవును చిన్నాన్నా."

"నాకంటే చిన్నదిరా."

"మీకింకా మనవలు లేరు కదా."

చిన్నాన్న నన్ను చూసిన చూపుకు ఇంకో పరీక్ష తప్పినట్టయింది. "అమావాస్య నుంచి అందరికీ టికెట్. మాట ఇచ్చినవాణ్ని నేనే, వెనక్కి తీసుకునేవాణ్నీ నేనే. ఉచితం అనేసరికి ఊళ్లకు ఊళ్లే ముసలైపోయినయ్. ఇంక ఇది బస్సు కాదు, ఉయ్యాల" అన్నాడు. ఆ మాట వెనక్కి ఒక్కో సీటే దాటుకుంటూ వెళ్లింది. పిల్లలు కూడా ఏడుపు ఆపినట్టనిపించింది.

ఆమె ఎక్కే చోటు వచ్చింది. ఆమె లేదు. ముందటి వంతు నాడూ లేదు. డ్రైవరు అప్పటిలాగే ఇప్పుడూ బస్సు ఆపి, అటూ ఇటూ చూసి, ఏమీ అనకుండా కదిలించాడు. జబ్బు పడిందా? ఆ ముసలాయన తలుపు వైపు చూస్తూ ఉంటాడా, లేక చూడ్డానికే లేడా?

కొంతదూరం పోయాక ఎదర రోడ్డంచున వంగిన వీపు, రెండు చేతుల మధ్య బుర్ర. భద్రాచలం నడిచి పోతోంది. ఆ నడకకు ఏ పొద్దు గూకేదాకానో పడుతుంది.

డ్రైవరు పక్కకు తెచ్చి ఆపాడు. "ఎక్కు."

"టికెట్‌కు లేదు. నడుస్త."

"ముసలోళ్లకు టికెట్ లేదు కదా."

"నేను ముసలిదాన్నా? పో. నీ దుమ్ము నా బుర్రల పడతంది."

ఆమె ఆగలేదు. డ్రైవరు బస్సును ఆమె నడకకు సరిపెట్టి పక్కనే నడిపించాడు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. "ఎక్కవే", "మొండిదానా", "మొన్న కూడ నడిచినవా?" ఇంజను వేడెక్కి పొగలు కక్కుతోంది. చిన్నాన్న కిటికీలోంచి, "ఇదుగోమ్మా, నేను చెప్తున్నా, ఎక్కు. ఈ బస్సు నాదే" అన్నాడు.

"నీదని ఎరికే" అంది ఆమె. నడుస్తూనే ఉంది.

నాకు రెండు భయాలు. ఈమె ఎక్కదేమోనని ఒకటి. చిన్నాన్నకు విసుగొచ్చి పోనియ్యమంటాడేమోనని ఒకటి. ఇంతలో ఆ నెలల పిల్ల ఏడుపందుకుంది. ఉక్కకు మొదట సన్నగా, తర్వాత గుక్కపట్టి. ఆమె నిలబడిపోయింది.

"ఎందుకట్ల ఏడుస్తంది ఆ పిల్ల?"

"ఆకలికి" అంది పిల్లను ఎత్తుకున్నామె. "దీని తల్లి జొరమొచ్చి దవాఖానల ఉంది. దాని కాడికే తీస్కపోతున్న. నిన్నటి సంది మేకపాలు పడితే కక్కుతంది."

"మరి బస్సు ఆపుకొని నా మొహం చూస్తరేంది? జల్దీ పోండ్రి."

"నువ్వెక్కితే పోతం" అన్నాడు డ్రైవరు.

ఆమె బస్సును, పిల్లను, మమ్మల్ని కలిపి తిట్టింది. బుర్రను పైన పెట్టింది, వెనక తను ఎక్కింది. కూర్చోకుండానే బుర్ర మూత తీసి పైన తేరిన పలుచటి నీటిలో వేలు ముంచి పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల వేలు పట్టి చీకింది. మళ్లీ ముంచింది. ఏడుపు ఆగింది. డ్రైవరు ఎప్పుడు గేరు వేశాడో, బస్సు పరుగెత్తుతోంది.

"ఆపు. ఇగ దిగుత. టికెట్ లేదు నాకాడ" అంది.

పిల్లను ఎత్తుకున్నామె మెల్లగా అంది: "ఇంతదాంక దీని కడుపుల పాలు తప్ప ఇంకోటి పడలే. మొదటి జావ నువ్వే పోసినవ్."

తలలన్నీ అటు తిరిగాయి. తర్వాత వెనక నుంచి ఎవరో, "అయితే మనవరాలేగద" అన్నారు. ఇంకెవరో, "అవ్ మరి" అన్నారు. ఆమె అందరి మొహాలూ చూసింది. కాదనడానికి ఆమె ఊరి మాటే అడ్డు. పిల్లను ఎత్తుకున్నామె వైపు తిరిగింది.

"మోసం చేసినవ్."

"చేసిన. పట్టుకో, నా చెయ్యి గుంజుతంది."

అలా ఆమె ఒళ్లో రెండు బుర్రలు చేరాయి. ఒకదాన్ని పట్టుకుంటే రెండోది జారుతుంది. మొదటిసారి సొరబుర్రను నా చేతికిచ్చింది. భద్రాచలం చేరేదాకా ఒలకకుండా నిలబడ్డాను. నేను పాసైన పరీక్ష అదొక్కటే.

చిన్నాన్న వెనక్కి తిరిగి అడిగాడు. "ఇన్నాళ్లు ఊరికే ఎక్కొచ్చుగా. నిన్ను చూసి కాదనేదెవరమ్మా? ఎందుకింత పట్టుదల?"

"పట్టు లేదు, ఏం లేదు. భయం" అంది ఆమె.

"దేనికి?"

"టికెట్ ఉంటే నేను పోతున్న. లేకుంటే నువ్వు తీస్కపోతున్నవ్. ఓ పొద్దు నీకు మనసు బాగుండదు, దిగమంటవ్. నడిమిట్ల దిగి నేనేం చెయ్యాలె? ఆడ ఆయన వాకిలి దిక్కు చూస్కుంట పండుకొని ఉంటడు. నీ మనసు ఎన్నడెట్ల ఉంటదో నాకెట్ల ఎరిక?"

ఆమె ఖాళీగా ఉన్న చెవి తడుముకుంది. ఆ చెయ్యి మళ్లీ పిల్ల వీపు మీదికి వచ్చింది.

చిన్నాన్న ముందుకు తిరిగిపోయాడు. ఆయన బస్సు పర్మిట్టు ఏడాదికోసారి ఎవరో ఒక ఆఫీసరు మనసు మీద ఆధారపడి నడిచేది. ఆ రోజులు దగ్గర పడితే చిన్నాన్నకు అన్నం సహించేది కాదని పిన్ని చెప్పేది. ఆమె మాట ఆయనకు ఎక్కడ తగిలిందో నేను ఊహించగలను.

భద్రాచలంలో అందరూ దిగాక నన్ను పక్కకు పిలిచాడు. "ముసలాళ్లక్కూడా టికెట్ చించి ఇవ్వరా. వెనకాల అడ్డగీత పెట్టు, డబ్బు తీసుకోలేదని. అది వాళ్ల దగ్గర ఉండాలి."

"అమావాస్య నుంచి అందరికీ అన్నారు కదా?"

"ఇది చెప్పింది చెయ్యి."

"ఎందుకు చిన్నాన్నా ఆ కాగితం? దింపేదెవరు? మీరే కదా."

"నేనే. నేను దిగమన్న రోజున నాకే చూపించమను."

ఆ తర్వాత ఆమె రోజు విడిచి రోజు ఎక్కేది. అడ్డగీత ఉన్న టికెట్‌ను అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పట్టి, "ఇది నడుస్తదా?" అని మొదటి వారమంతా అడిగింది. నడుస్తుందంటే చుట్టి చెవిలో దోపుకునేది. చేత్తో తడుముకోవడం మాత్రం మానలేదు.

వానలు మొదలయ్యాయి. వాగులు పొంగిన రోజు బస్సు ఆగేది, నా ప్రాణం కూడా. "ఎట్లుండు?" అని డ్రైవరు ఆమె ఎక్కినప్పుడల్లా అడిగేవాడు. "ఉన్నడు" అనేది. అంతే. ఆ ఒక్క మాట ఎంత గట్టిగా వచ్చిందో, ఎంత మెల్లగా వచ్చిందో విని నేను ఆ రోజంతా లెక్కలు కట్టుకునేవాణ్ని. శ్రావణం చివర ఆ మాట మరీ సన్నబడింది.

తర్వాత ఒకనాడు ఆమె ఎక్కింది. చేతుల్లో బుర్ర లేదు.

చెయ్యి అందిస్తే ఆ రోజు కొట్టలేదు, పట్టుకుని ఎక్కింది. నేను డ్రైవరు వైపు చూశాను. ఆయన అద్దంలోంచి నా వైపు చూసి కళ్లు తిప్పుకున్నాడు. "ఎట్లుండు" అని అడగలేదు. ఎవరూ అడగలేదు. టికెట్ ఇచ్చాను. చెవిలో పెట్టుకుంది. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు ఎగిరినప్పుడల్లా ఆ చేతులు లేని బుర్రను పట్టుకోబోయి ఆగిపోయేవి. భద్రాచలంలో దిగి, వెనక్కి చూడకుండా దవాఖానా వైపు పోయింది.

సాయంత్రం బయల్దేరే వేళ దాటింది. డ్రైవరు ఇంజను తుడుస్తానని తుడిచిందే తుడుస్తున్నాడు. జనం విసుక్కుంటున్నారు. మబ్బు కమ్ముకుంది. నేను మెట్టు మీద నిలబడి దవాఖానా రోడ్డు వైపే చూస్తున్నాను. ఒక్కతే వస్తే ఏం మాట్లాడాలో తెలియడం లేదు. రాకపోతే ఇంకా భయం.

వచ్చింది. పక్కన ఎముకల మీద దుప్పటి కప్పినట్టున్న ఒక పొడుగాటి ముసలాయన. ఆయన రెండు చేతుల్లో సొరబుర్ర.

"మొన్న ఈడనే పెట్టి పోయిన" అంది నా మొహం చూసి. "మోసెటోడు వస్తుండంటే నాకెందుకు మోత?"

"తగ్గిందట, ఇగ ఇంటికి పొమ్మన్నరు" అన్నాడాయన, బస్సును పైనుంచి కిందికి చూస్తూ.

డ్రైవరు గుడ్డ భుజాన వేసుకుని గట్టిగా దగ్గాడు. నేను టికెట్ల కట్ట తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు పిలగా. నాకు మనవరాలైతే, ఈయనకేమైతది?"

"మనవరాలే."

"మరి గీత పెట్టు."

రెండు టికెట్ల వెనక గీతలు పెట్టి ఇచ్చాను. ఆమె రెండింటినీ చుట్టింది. ఒకటి కుడి చెవిలో, ఒకటి కమ్మ పోయిన ఎడమ చెవిలో దోపుకుంది.

"నాది నాకియ్యవా?" అన్నాడు ముసలాయన.

"నీ చెవులకు తూట్లు లేవు. పోగొడతవ్. మళ్ల నడిమిట్ల దింపితే?" అంది. ఆయన చేతుల్లోని బుర్ర ఖాళీదే. అయినా బస్సు కదలగానే దాని కింద తన చెయ్యి పెట్టింది.